పడమటి కిటికీ దగ్గర తరుగు

నేను అనుమానపు మనిషిని. రాజోలు దగ్గర ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళకు పైగా సూపర్‌వైజరుగా పనిచేసి కిందటేడు దిగిపోయాను. అన్నేళ్ళలో నేను నిజంగా నమ్మింది ఒక్క కాటానే. మనిషి అబద్ధం చెబుతాడు, కాటా చెప్పదు అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో చేరుతున్న పిల్లలు కాటా బదులు కంప్యూటరును అలాగే నమ్ముతున్నారు. నేను చేసిన పొరపాటు వాళ్ళు కొత్త మెషిన్లతో ఇంకా వేగంగా చేస్తారేమోనని నా భయం. అందుకే కూర్చుని ఇది రాస్తున్నాను. నాకెప్పుడు ఇంక్రిమెంటు వచ్చిందో, ఎవరు నాకు శాలువా కప్పారో ఇందులో ఉండదు.

పని తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. జీడిపిక్కను ఆవిరిలో ఉడకబెట్టి, పైపెంకు కొట్టి, లోపలి పప్పును వేడి గదిలో ఆరబెట్టి, పొట్టు తీస్తారు. బాగా ఆరిన పప్పు చెయ్యి తగిలితే చాలు విరుగుతుంది. అందుకని కాసేపు గాలికి ఉంచి కొంచెం చెమ్మ పట్టనిస్తాం. ఆ తర్వాత గ్రేడింగు హాల్లో ఆడవాళ్ళు ట్రేల ముందు కూర్చుని గుండు, బద్ద, ముక్క వేరుచేస్తారు. బద్ద అంటే రెండుగా విడిపోయిన సగం, ధర తక్కువ. గుండు అంటే విరగని నిండు పప్పు. వ్యాపారమంతా దాని మీదే నడుస్తుంది.

గేటు దగ్గర కొంగు

పొద్దున ఒక్కొక్కరికి పది కిలోల పప్పు తూచి ఇచ్చేవాణ్ణి. సాయంత్రం గుండు, బద్ద, ముక్క, నూక అన్నీ కలిపి మళ్ళీ తూచేవాణ్ణి. తూకం ఎంతో కొంత తగ్గుతుంది, దాన్నే తరుగు అంటాం. పది కిలోలకు వంద గ్రాముల తరుగు ఒప్పుకునేవాణ్ణి. ఆ లెక్క నేను ఉద్యోగంలో చేరిన ఏడాది వానాకాలంలో నేనే కట్టాను. మళ్ళీ దాని మొహం చూడలేదు. వంద దాటితే ఎవరో నోట్లోనో కొంగులోనో వేసుకున్నారనే నా నమ్మకం.

గేటు దగ్గర కొంగు దులిపించే పద్ధతి పెట్టింది కూడా నేనే. అయిదింటికి పని దిగాక ఆడవాళ్ళందరూ వరసగా నిలబడి, కొంగు విప్పి దులిపి, టిఫిను డబ్బా మూత తీసి చూపించి బయటకు వెళ్ళాలి. గేటు ముందు రోడ్డు, రోడ్డుకి అవతల టీ కొట్టు. చూసేవాళ్ళు చూసేవాళ్ళే. దొంగతనం చెయ్యనివాళ్ళకి భయం ఎందుకని నేను అనేవాణ్ణి. ఆ మాట ఎంత తేలికగా అనేశానో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

కరుణమ్మ ఆ హాల్లో పదకొండేళ్ళు పనిచేసింది. చర్చి వెనక పేటలో ఉండేది. భర్త లేడు, ఒక్కతే కూతురు సునీత, అప్పుడు ఎనిమిదో తరగతి. పప్పును రెండు వేళ్ళతో తీసి, బొటనవేలితో ఒక్కసారి తిప్పి, వెనకవైపు మచ్చ ఉందో లేదో చూసి గిన్నెలో వేసేది. ఆ చేతివేగం హాల్లో ఇంకెవరికీ లేదు. ఆమె చోటు పడమటి కిటికీ పక్కన.

ఒక వేసవి మొదట్లో ఆమె తరుగు పెరిగింది. నూటయాభై, నూటఎనభై, ఒకరోజు రెండు వందలు దాటింది. పక్కవాళ్ళది వందలోపే ఉంది. అంతకు నాలుగు రోజుల ముందు ఆమె నా టేబులు దగ్గరకు వచ్చింది.

"సూపర్‌వైజరు గారండీ, నా చోటు మార్పించండి. మధ్యాన్నం అయ్యేసరికి ఆ కిటికీ దగ్గర పప్పు ఊరికే విరిగిపోతుందండి."

"పదకొండేళ్ళుగా విరగనిది ఇప్పుడు విరుగుతోందా?"

"ఏటా ఎండాకాలం ఇంతేనండి. ఈ ఏడు ఎండ మరీ ఎక్కువగా ఉంది."

"ఎక్కడికి మార్చమంటావు?"

"తలుపు పక్కన ఖాళీ ఉంది కదండి."

తలుపు పక్కన. నా బుర్రకి అది చాలింది. తలుపు పక్క చోటు కావాలని అడుగుతోందంటే సరుకు దాటించడానికే అనుకున్నాను. చోటు మార్చలేదు. పైగా వాచ్‌మన్‌ని పిలిచి ఈమె మీద కన్నేసి ఉంచమన్నాను. ఇదే మాట మా బంధువుల అమ్మాయి ఎవరైనా వచ్చి అడిగి ఉంటే కిటికీకి ఒక గోనెపట్టా కట్టించేవాణ్ణి. పేట మనిషి కాబట్టి అనుమానం తొందరగా వచ్చిందా అని మీరు అడిగితే, కాదని గట్టిగా చెప్పలేను.

రెండు వందలు దాటిన రోజు సాయంత్రం గేటు దగ్గర ఆమెను వరసలోంచి పక్కకు నిలబెట్టాను. కొంగు దులిపింది. డబ్బా తీసింది. చేతిసంచీ తిరగేసింది. ఒక్క పప్పు పలుకు దొరకలేదు. అక్కడితో ఆగవలసింది. ఆగలేదు.

"దొరకలేదంటే తియ్యలేదని కాదు. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నాను. హాల్లో పనిచేసే మిగతా ముప్ఫై మందీ అక్కడే ఉన్నారు. ఒంటిపూట బడుల రోజులు. ట్యూషనుకు వెళ్ళి వస్తూ సునీత రోజూ గేటు దగ్గర సైకిలు ఆపుకుని తల్లి కోసం నిలబడేది. ఆ రోజూ నిలబడి ఉంది. కరుణమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. విప్పిన కొంగు మళ్ళీ దోపుకుని, కూతురు సైకిలు హ్యాండిలు పట్టుకుని నడిపించుకుంటూ వెళ్ళిపోయింది. ఎదురు చెప్పలేదంటే నిజమే అయి ఉంటుందని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మర్నాటి నుంచి ఆ కిటికీ దగ్గర ఎవరినీ కూర్చోబెట్టలేదు. పప్పు సంచులు దొంతి పెట్టించాను. హాల్లో తరుగు సర్దుకుంది. దొంగ పోయింది, దొంగతనం పోయింది అనుకున్నాను. రుజువు అంతకన్నా ఏం కావాలి?

జనం రావడం లేదు

ఆ తర్వాత ఏడేళ్ళలో హాల్లో జనం సగానికి సగం తగ్గారు. కొందరు కువైట్ వెళ్ళారు. కొందరు రొయ్యల షెడ్లకు పోయారు. కొందరు ఉపాధి పనికి వెళ్తే చాలన్నారు. అప్పటికి పెద్ద యజమాని గారు పోయి వాళ్ళబ్బాయి చేతికి ఫ్యాక్టరీ వచ్చింది. ఆయన్ని మేమందరం చినబాబు గారు అంటాం. మంచివాడే, చదువుకున్నవాడు. "ఇక్కడ లేబరు దొరకరండీ, ఆ రోజులు పోయాయి. ఆటోమేషనే దిక్కు," అనడం మొదలుపెట్టారు.

లేబరు దొరకరన్న మాట వింటే నాకు ఇప్పుడు అనుమానం వస్తుంది, అప్పుడు రాలేదు. అప్పుడు నా అనుమానాలన్నీ కిందివాళ్ళ మీదే కదా. అయినా చినబాబు గారు పంపితే నాలుగు ఊళ్ళు తిరిగి, మానేసినవాళ్ళను రమ్మని అడిగాను. అందరూ మర్యాదగా కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, నడుం నొప్పి అన్నారు. అంతమందికి ఒకేసారి నడుం నొప్పి ఏంటని ఒక ముసలామెను నిలదీశాను.

"నడుం నొప్పంటే మీరు నమ్మారు కదండి. అయితే నడుం నొప్పేననుకోండి," అంది.

"అసలు సంగతి చెప్పు."

"జీడి తగిలి చేతులు కాలతాయండి, పని అన్నాక కాలకుండా ఉంటాయా. సాయంత్రం ఆ గేటు ఉంది చూశారా, అదండి. మా అల్లుడు టీ కొట్టు దగ్గర కూర్చునుంటే నేను కొంగు విప్పి దులపాలండి."

ఆ మాట నేను చినబాబు గారికి చేరవెయ్యలేదు. నడుం నొప్పులనే చెప్పాను. నా పద్ధతి మీద మాట పడుతుందని నాకు తెలుసు. కొత్తగా చేరేవాళ్ళకు ఒక్క మాట చెబుతాను: మెషిను కొనే ముందు జనం ఎందుకు మానేశారో కనుక్కోండి, అది కూడా సూపర్‌వైజరును పంపించి కాదు.

మన పిక్కలు మనం పట్టుకెళ్ళాలి

ముందు పెంకు కొట్టే మెషిను వచ్చింది. అమ్మేవాళ్ళు డెమో చూపించారు. ఇరవై మంది పని అన్నారు. నూటికి తొంభై పైగా గుండు పడుతుంటే చినబాబు గారి మొహం వెలిగిపోయింది. నేను డబ్బాలో చెయ్యి పెట్టి వాళ్ళు తెచ్చిన పిక్కలు తీసి చూశాను. అన్నీ ఒకే సైజు, ఏరి తెచ్చినవి. మనకి వచ్చే సరుకులో బొటనవేలంత పిక్కా ఉంటుంది, చిటికెనవేలంత పిక్కా ఉంటుంది. మన గోనె ఒకటి విప్పి పొయ్యమన్నాను. అమ్మేవాడు నా వంక ఒకలా చూశాడు. పోశాక గుండు పడవలసిన చోట బద్దలు కుప్పపడ్డాయి. నా అనుమానం ఫ్యాక్టరీకి పనికొచ్చిన సందర్భం అదొక్కటి గుర్తుంది. ముందు పిక్కల్ని సైజుల వారీగా జల్లించే మెషిను కూడా ఇస్తేనే తీసుకుంటామని పట్టుబట్టాం.

కెమెరాతో పప్పు ఏరే మెషిను మాత్రం నిజంగా గొప్పది. పప్పు జారుతుంటే ఫోటో తీసి, మచ్చ ఉన్నదాన్ని గాలితో ఊది పక్కకు తోసేస్తుంది. అయితే ఏది మచ్చో, ఏది మంచిదో దానికి ముందు నేర్పాలి. నేర్పడానికి మంచివి ఇన్ని, మచ్చవి ఇన్ని ఏరి ఇవ్వాలి. ఎవరు ఏరతారు? మిగిలిన ఆ పదిహేను మంది ఆడవాళ్ళే. వాళ్ళు వారంపాటు ఏరి ఇచ్చిన పప్పే దాని చదువు. లేబరు అక్కర్లేదని తెచ్చిన దానికి ఓనమాలు దిద్దించింది లేబరేనని చినబాబు గారి దగ్గర అంటే నవ్వేసి ఊరుకున్నారు.

ఒకసారి అది మంచి గుండును కూడా తోసేయడం మొదలుపెట్టింది. ఆపరేటరు మీద నాకు అనుమానం, ఆపరేటరుకు సాఫ్ట్‌వేరు మీద అనుమానం. ఊడ్చే ఆమె వచ్చి, "అద్దం జిడ్డుగా ఉందండి," అని పాతచీర ముక్కతో తుడిచింది. అంతే, మళ్ళీ దారిలో పడింది.

తాళం వేసిన ట్రే

కెమెరా మెషిను కోసం హాలంతా సర్దారు. ఏరిన గుండు జాలీ ట్రేల్లో పడుతుంది. ప్యాకింగు అందుకునేదాకా ట్రేలు ఒక డిజిటల్ కాటా మీద ఆగుతాయి. బరువు ఎప్పటికప్పుడు కంప్యూటరులో పడిపోతుంది. చోటు కలిసొస్తుందని ఆ కాటాను పడమటి కిటికీ పక్కనే పెట్టారు. నేనే చూపించాను ఆ చోటు.

నేను రిటైరయ్యే ముందు వచ్చిన వేసవిలో చినబాబు గారు నన్ను పిలిచి స్క్రీను చూపించారు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ట్రే బరువు కొంచెం కొంచెం తగ్గుతోంది. రోజూ అంతే. "ఎవరో తీస్తున్నారండి," అన్నారు. నా చెవికి ఆ మాట ఎంత ఇంపుగా ఉందో చెప్పలేను. ఆ షిఫ్టులో ఉండేది ఇద్దరు ఆపరేటర్లు. ఇద్దరినీ విడివిడిగా పిలిచి అడిగాను. ఇద్దరూ బిక్కమొహం వేశారు.

మర్నాడు నేనే ఒక పని చేశాను. పది కిలోల గుండు ట్రేలో పోసి, జాలీ మూత పెట్టి, తాళం వేసి, తాళానికి కాగితం అంటించి సంతకం పెట్టాను. తాళంచెవి జేబులో వేసుకున్నాను. దాని ఎదురుగా కుర్చీ వేసుకుని, అన్నం కూడా అక్కడే తిని, నాలుగున్నర దాకా కదలకుండా కూర్చున్నాను. కాగితం చిరగలేదు. ఒక్క చెయ్యి దాని దరిదాపులకు రాలేదు. కాటా మీద నూటతొంభై గ్రాములు తగ్గింది.

మెషిను కంపెనీ నుంచి సర్వీసుకు వచ్చిన హారిక అనే అమ్మాయి ఆ రోజు అక్కడే ఉంది. రాజమండ్రి పిల్ల. నేను తాళాన్ని తిప్పి తిప్పి చూస్తుంటే దగ్గరకు వచ్చింది.

"ఏం పోయిందండి?"

"పప్పు పోయిందమ్మా. తాళం వేసిన ట్రేలోంచి."

ఆ అమ్మాయి చేతిలో చెమ్మ కొలిచే చిన్న మీటరు ఉంది. కిటికీ దగ్గర ట్రేలో పప్పు కొంచెం తీసి కొలిచింది. తలుపు పక్క ట్రేలోది కొలిచింది. "పప్పు పోలేదండి, చెమ్మ పోయింది. ఇక్కడ ఎండా, వేడిగాలీ నేరుగా కొడుతున్నాయి కదా. ట్రే అటు జరిపించండి, సరిపోతుంది." కిటికీ దగ్గర పప్పు ఒకటి తీసి వేళ్ళ మధ్య నొక్కింది. టప్పున రెండు బద్దలైంది. "చూడండి, ఎలా విరుగుతోందో," అంది.

ఆ శబ్దం వినగానే పాత మాటలు గుర్తొచ్చాయి. మధ్యాన్నం అయ్యేసరికి పప్పు ఊరికే విరిగిపోతుందండి. చోటు మార్పించండి. తలుపు పక్కన ఖాళీ ఉంది కదండి. ఈ ఇంజినీరు మీటరు పెట్టి చెప్పిన మాటే కరుణమ్మ పన్నెండేళ్ళ కిందట వేళ్ళతో చూసి చెప్పింది. తరుగు ఉంటుందని తెలియని వెర్రివాణ్ణి కాదు నేను. ఏ కాలంలోనైనా, ఏ మూలనైనా తరుగు ఒకటేనని వానాకాలంలో కట్టిన లెక్క పట్టుకుని ఎండాకాలంలో మనిషిని దొంగను చేశాను. ఆమె వెళ్ళాక తరుగు సర్దుకోవడానికి కారణం ఆమె పోవడం కాదు, ఆ చోటు ఖాళీ అవడం.

చినబాబు గారికి చెప్పాను. "అయితే కాటా జరిపించేయండి. సమస్య తీరింది కదండీ," అన్నారు. తీరింది. అక్కడ అంతకుముందు ఎవరు కూర్చునేవారని ఆయన అడగలేదు. అడిగితే చెప్పే ధైర్యం నాకు ఉందో లేదో తెలియదు. ఆ వారంలోనే గేటు దగ్గర కొంగు దులిపించడం మానిపించాను. ఇప్పుడక్కడ కెమెరా పెట్టారు. మనుషుల కదలికలు చూసి అనుమానం ఉన్నవాళ్ళను అదే పట్టిస్తుందట. దానికి పాఠాలు ఎవరు చెప్పారో నాకు తెలియదు. నాలాంటివాడు చెప్పి ఉంటే మాత్రం దేవుడే దిక్కు.

పంటు దాటి

రిటైరయిన నెల తిరగకుండా కరుణమ్మను వెతుక్కుంటూ సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కి నరసాపురం వెళ్ళాను. ఫ్యాక్టరీ మానేశాక రొయ్యల షెడ్డులో చేసిందట. ఇప్పుడు సునీత అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు, తల్లిని తన దగ్గరే ఉంచుకుంది. కరుణమ్మ అరుగు మీద కూర్చుని లేసు అల్లుతోంది. నన్ను చూసి లేచి కుర్చీ వేసింది. నేను కూర్చోకుండానే జరిగిందంతా చెప్పాను. కిటికీ, ఎండ, తాళం, మీటరు. తప్పు నాదేనన్నాను. ఆమె చేతిలో సూది ఆగలేదు.

"నాకు చెప్తే ఏం లాభమండి? నేను తియ్యలేదని నాకు తెలియదా?"

"మరి ఏం చెయ్యమంటావమ్మా?"

"ఆ రోజు ఎంతమంది ముందు అన్నారో అంతమందికీ చెప్పండి."

న్యాయమే. ఆరోజు గేటు దగ్గరున్న ముప్ఫై మంది పేర్లు గుర్తు చేసుకుని కాగితం మీద రాసుకున్నాను. నాలుగు నెలలు తిరిగాను. ఇద్దరు చనిపోయారు, వాళ్ళ పిల్లలకు చెప్పాను. అయిదుగురు కువైట్లో ఉన్నారు, వాళ్ళకు ఫోనులో మాట రికార్డు చేసి పంపాను. ఒకావిడ, "అది మాకు అప్పుడే తెలుసండి," అంది. మరి అప్పుడే చెప్పలేదేమని అడగబోయి ఆగిపోయాను. చెబితే తర్వాతి అనుమానం ఆమె మీదే పడి ఉండేది. అది ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

అందరికీ చెప్పానని చెప్పడానికి మళ్ళీ పంటు ఎక్కాను. సాయంత్రం అయింది, సునీత స్కూలు నుంచి వచ్చి నోటుపుస్తకాలు దిద్దుకుంటోంది. కరుణమ్మ నా కాగితం తీసుకుని, చదవడం రాకపోయినా పైనుంచి కిందకు చూసింది.

"ఇంకొకళ్ళు మిగిలారండి," అంది.

"ఎవరమ్మా?"

తల తిప్పి కూతురి వంక చూసింది. నేను సునీతకు మొదటి నుంచి చెప్పాను. నేను మొదటిసారి వచ్చి చెప్పిన సంగతి తల్లి ఆమెతో అనలేదని నాకు అప్పుడే అర్థమైంది. ఆ అమ్మాయి ఎర్ర పెన్నుకు మూత పెట్టింది.

"ఆ వారం ఆదివారం చర్చి నుంచి వచ్చాక అమ్మ పలావు వండిందండి," అంది. "అందులో జీడిపప్పు ఉంది. నేను ఒక్కొక్కటే ఏరి కంచం అంచున పెట్టేశాను. అమ్మ చూసింది. ఏమీ అనలేదు. ఆ తర్వాత మా ఇంట్లో ఎప్పుడూ జీడిపప్పు వెయ్యలేదండి."

కరుణమ్మ లేసు ఒళ్ళో పెట్టుకుంది.

"కొట్లో కొన్నానమ్మా. బద్ద."

"మరి ఆ రోజే చెప్పొచ్చు కదమ్మా."

"నువ్వు అడిగితే చెబుదామని చూశాను. నువ్వు అడగలేదు."

నేనూ అడగలేదు.